ఇంట్లో నిశ్శబ్దమైన, నమ్మకమైన ఫైల్ సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్ కాపీలు అన్నీ ఒకచోట భద్రంగా ఉండాలని మా ఇంట్లో ఒక సర్వర్ (ఎప్పుడూ నడుస్తూ ఇంట్లో అందరి ఫైళ్లూ దాచే చిన్న కంప్యూటర్) కూర్చుకున్నాను. అప్పటి నుంచి బంధువులు, తోటి ఉద్యోగులు, వాళ్ల స్నేహితులు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటిని ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. నా లెక్కలో మంచి ఇంటి సర్వర్ అంటే పక్క గదిలో ఉన్నా నిద్ర చెడగొట్టనిది, ఒక డిస్కు చెడిపోయినా ఫైళ్లు పోగొట్టనిది, కరెంటు బిల్లు చూసి ఉలిక్కిపడేలా చేయనిది.

## కొనడానికి ముందు

పోర్టబుల్ హార్డ్ డిస్కు ఉంది కదా, మళ్లీ సర్వర్ దేనికి?

పోర్టబుల్ డిస్కులో ఉన్నది ఒక్క కాపీ. కింద పడితే అంతే. బీరువాలో మూడేళ్లు పెట్టి బయటికి తీస్తే అసలు తిరగని డిస్కులు నేనే నాలుగైదు చూశాను. పైగా మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన కాపీ పని మొదటి రెండు నెలలు సాగి, తర్వాత మూలన పడుతుంది. సర్వర్ ఉంటే ఫోనులోని ఫొటోలు రాత్రిపూట వాటంతట అవే వచ్చి చేరతాయి. రెండు డిస్కుల్లో రాసుకుంటుంది, వాటి ఆరోగ్యాన్ని రోజూ చూసుకుంటుంది, తేడా వస్తే మనకు చెబుతుంది.

క్లౌడ్‌లో పెట్టుకుంటే సరిపోదా?

మీ దగ్గర ఉన్నది 200, 300 జీబీ అయితే సరిపోతుంది, క్లౌడే తీసుకోండి. రెండు మూడు టీబీలు దాటినప్పుడు, లేదా వీడియోలు ఎక్కువగా ఉన్నప్పుడే ఇంట్లో సర్వర్ పెట్టడం లాభసాటి.

సిద్ధంగా దొరికే నాస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచే) పెట్టె కొనాలా, నేనే కూర్చుకోవాలా?

స్క్రూడ్రైవర్ పట్టడం, సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టడం ఇష్టం లేకపోతే సైనాలజీ లాంటి రెండు డిస్కుల పెట్టె కొనుక్కోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. నేను కూర్చుకోవడానికి కారణం ఒక్కటే: ఏ భాగం పోయినా బజారులో దొరకాలి. పెట్టెలోని బోర్డు పోతే తయారీదారు వైపు చూడాలి. కూర్చుకున్నదాంట్లో ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే భాగం) పోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ భాగాల బజారు సీటీసీకి వెళ్లి సాయంత్రానికి కొత్తది బిగించుకోవచ్చు.

పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంది. దాన్నే సర్వర్‌గా వాడుకోవచ్చా?

నేర్చుకోవడానికి చక్కగా పనికొస్తుంది. శాశ్వతంగా మాత్రం వద్దు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండే పాత బ్యాటరీ ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. డిస్కులను యూఎస్‌బీ తీగతో తగిలించాల్సి రావడం రెండో చిక్కు. ఆ తీగ కాస్త కదిలినా డిస్కు మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది, అద్దం కాపీ (రెండు డిస్కుల్లో ఒకేలా ఉండే కాపీ) తెగిపోతుంది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ వాడినా ఇదే ఇబ్బంది.

## విడిభాగాలు

ఏ ప్రాసెసర్ తీసుకోవాలి?

ఫైళ్లు దాచడానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 నాలుగు కోర్లతో, 6 వాట్ల స్థాయిలో నడుస్తుంది. ఫ్యాను లేకుండా అల్యూమినియం దిమ్మతోనే చల్లబడే బోర్డులు దీనికి దొరుకుతాయి. అలా ఒక శబ్దం మొదట్లోనే తప్పుతుంది. కొనే ముందు డిస్కులు తగిలించే సాటా పోర్టులు లెక్కపెట్టుకోండి. కొన్ని ఎన్100 బోర్డుల్లో ఒక్కటే ఉంటుంది.

సీఎంఆర్, ఎస్ఎంఆర్ అంటున్నారు. ఏది కొనాలి?

సీఎంఆర్. ఈ రెండూ డిస్కు మీద సమాచారం రాసే పద్ధతులు. సీఎంఆర్‌లో వరుసలు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌కు పెంకుటిల్లు కప్పు గుర్తుచేసుకోండి. ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఉంటుంది. మధ్యలో ఒకటి మార్చాలంటే దాని పైవరుసలు కూడా లేపాలి. ఎస్ఎంఆర్ డిస్కులో సమాచారపు వరుసలు అలాగే ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. కొంచెం మార్చినా చుట్టుపక్కల వరుసలన్నీ తిరగరాయాలి. మామూలు వాడకంలో ఇది తెలియకపోవచ్చు. ఒక డిస్కు పోయి, కొత్తదానిలోకి మొత్తం నింపే రోజున మాత్రం నత్తనడక మొదలవుతుంది, ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ ఆ డిస్కునే చెడ్డదనుకుని బయటికి తోసేస్తుంది. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కుల్లో చెప్పకుండా ఈ పద్ధతి వాడారని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. సీగేట్ ఐరన్‌వోల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ రకాలు సీఎంఆర్. డబ్ల్యూడీలో ‘ప్లస్’ అనే మాట వదిలేసి కొనకండి.

రెండు డిస్కులు ఒకే దుకాణంలో, ఒకేసారి కొంటే ఇబ్బందా?

ఒకే రోజు, ఒకే విడతలో తయారైనవి ఒకే లోపంతో రావచ్చు. రెండు దుకాణాల్లో కొనండి. బిల్లు దాచండి, సీరియల్ నంబరును తయారీదారు సైట్‌లో కొట్టి మన దేశంలో వారంటీ ఉందో లేదో అదే రోజు చూసుకోండి. విదేశాల నుంచి పక్కదారిలో వచ్చిన డిస్కులకు ఇక్కడ వారంటీ చెల్లదు.

4 టీబీ కొంటే 3.6 చూపిస్తోంది. మోసపోయానా?

లేదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. 4 టీబీ ఆ లెక్కలో దాదాపు 3.64 అవుతుంది.

హార్డ్ డిస్కులు మానేసి ఎస్ఎస్‌డీలే పెడితే?

మీ ఫైళ్లన్నీ 2 టీబీలో సరిపోతే తప్పకుండా పెట్టండి, శబ్దం సమస్యే ఉండదు. అంతకు మించితే ఖర్చు తడిసిమోపెడవుతుంది. బీరువాలో పెట్టి మరిచిపోయే కాపీకి మాత్రం ఎస్ఎస్‌డీ వద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే దానిలోని విద్యుదావేశం నెమ్మదిగా కారిపోతుంది.

## శబ్దం, వేడి

పగలు ఏమీ తెలియదు. రాత్రి మాత్రం ఒక గుయ్‌మనే శబ్దం వస్తోంది. ఎలా ఆపాలి?

ముందుగా అది ఎక్కడిదో పట్టుకోండి. మా ఇంట్లో ఇదే జరిగింది. సర్వర్‌ను ఇనుప బీరువా మీద పెట్టాను. అర్ధరాత్రి ఆ శబ్దం అలలా పెరుగుతూ, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ వినిపించేది. ఫ్యాన్లు మార్చాను, తగ్గలేదు. ఒక రాత్రి లేచి పెట్టెను రెండు చేతులతో జాగ్రత్తగా అంగుళం పైకెత్తాను. శబ్దం ఠక్కున ఆగిపోయింది. మోగుతున్నది సర్వర్ కాదు, బీరువా! చేయి ఆనిస్తే దాని రేకు సన్నగా వణకడం తెలిసింది.

నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 90 సార్లు వణుకుతుంది. రెండు డిస్కుల వేగంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ రెండు వణుకులూ కలుస్తూ విడిపోతూ అలలా వినిపిస్తాయి. దాన్ని ఇనుప రేకు డప్పులా పెంచుతుంది. పాత యోగా చాపను నాలుగు ముక్కలు కోసి, రెండేసి పొరలుగా పెట్టె కింద పెట్టాను. దాంతో తొంభై పాళ్లు తగ్గింది. డిస్కు స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లున్న కేబినెట్ అయితే ఇంకా మంచిది. 7,200 వేగం డిస్కులు ఇంటి సర్వర్‌కు అక్కర్లేదు. అవి ఎక్కువ మోగుతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. మనకు ఆ వేగం నెట్‌వర్క్ తీగ దాటి రాదు.

ఫ్యాను ఒకటి తీసేస్తే నిశ్శబ్దంగా ఉంటుంది కదా?

డిస్కులకు గాలి తగలాలి. ఫ్యాను తీసేయకండి, పెద్దది పెట్టండి. చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి ఇచ్చే గాలిని 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 600, 700 చుట్లతో ఇస్తుంది. ఆ వేగంలో చెవి ఆనించి వింటే తప్ప వినిపించదు.

కంటికి కనిపించకుండా అటక మీద పెట్టొచ్చా?

వద్దు. మధ్యాహ్నమంతా కాలిన స్లాబు వేడి సాయంత్రం నుంచి అటకలోకే దిగుతుంది. ఇంట్లో అంతకంటే వేడి చోటు ఉండదు. తలుపులున్న టీవీ గూడు కూడా వద్దు. గోడకు నాలుగంగుళాల ఎడం, వెనక గాలి పోయే దారి, నేల నుంచి కనీసం మోకాలి ఎత్తు ఉన్న చోటు చూడండి. నేల తుడిచే నీళ్లు, దుమ్ము రెండూ తప్పుతాయి.

ఎండాకాలంలో డిస్కు వేడి ఎంత వరకు ఫరవాలేదు?

చాలా డిస్కులకు తయారీదారు ఇచ్చే గరిష్ఠ హద్దు 60 డిగ్రీలు లేదా ఆపైన. నేను 45 దాటనివ్వను. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గదే 40 దాటే రోజులుంటాయి. అప్పుడు ఫ్యాను వేగం పెంచి, పెద్ద కాపీ పనులన్నీ తెల్లవారుజామున నాలుగు గంటలకు మార్చండి. 50 దాటితే మెయిల్ వచ్చేలా, 55 దాటితే సర్వర్ ఆగిపోయేలా పెట్టుకోండి.

చీమలు, బల్లులు లోపలికి పోతున్నాయి. ఏం చేయాలి?

వెచ్చగా ఉండే చోటు వాటికి ఇష్టం. గాలి వచ్చే కంతలన్నిటికీ దోమల కిటికీకి వాడే సన్నని మెష్ అంటించండి. ఆరు నెలలకోసారి సర్వర్ ఆపి, బయట పెట్టి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. ఆ సమయంలో ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. చీమల మందు పిచికారీ మాత్రం లోపల కొట్టకండి.

వాడనప్పుడు డిస్కులు తిరగకుండా ఆపేస్తే మంచిదేనా?

రోజుకు ఒకటి రెండుసార్లు ఆగి మొదలైతే పరవాలేదు. ప్రతి పది నిమిషాలకూ ఆగుతూ మొదలవుతూ ఉంటే అరుగుదల ఎక్కువ. నేనైతే ఆపను. మెల్లగా, చల్లగా, ఆగకుండా తిరిగే డిస్కు ఎక్కువ కాలం ఉంటుందని నా నమ్మకం.

## కరెంటు

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మళ్లీ యూపీఎస్ కొనాలా?

కొనండి. సర్వర్ భద్రతలో డిస్కుల తర్వాత నేను డబ్బు పెట్టమనేది దీనికే. ఇన్వర్టర్ ఫ్యాన్లు, లైట్ల కోసం తయారైనది. కరెంటు పోయిన క్షణానికీ, అది అందుకునే క్షణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. చాలా ఇన్వర్టర్లకు వెనక ‘యూపీఎస్’, ‘నార్మల్’ అనే మీట ఉంటుంది. నార్మల్‌లో ఉంటే ఆ ఖాళీ ఇంకా ఎక్కువ, కంప్యూటర్ ఆగి మొదలవుతుంది. ముందు ఆ మీట చూడండి. అదీ కాక, రాత్రంతా కరెంటు రాకపోతే బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్‌కు చెప్పేవాళ్లు ఎవరు?

600 వీఏ యూపీఎస్ చాలు. 25, 30 వాట్ల సర్వర్‌ను, రౌటర్‌ను కలిపి ఇరవై నిమిషాలకు తగ్గకుండా నిలబెడుతుంది. కొనేటప్పుడు వెనక యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూడండి. మన బజారులోని చవక రకాల్లో అది ఉండదు. ఆ తీగ సర్వర్‌కు తగిలించి ‘నట్’ అనే ఉచిత ప్రోగ్రాం పెడితే, బ్యాటరీ తగ్గగానే సర్వర్ పద్ధతిగా ఫైళ్లు మూసుకుని ఆగుతుంది.

పోర్టు లేని యూపీఎస్ ఇప్పటికే ఉంటే ఒక ఉపాయం. ఇన్వర్టర్‌కు కలపని ప్లగ్గులో ఒక పాత రౌటర్ పెట్టి దాన్ని నెట్‌వర్క్‌కు కలపండి. సర్వర్ ప్రతి నిమిషం దాన్ని పలకరించేలా పెట్టండి. వరసగా పది నిమిషాలు జవాబు రాకపోతే కరెంటు లేదని అర్థం, ఆగిపోతుంది. కరెంటు రాగానే తనంతట తాను మొదలయ్యే అమరిక బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే అమరికల పేజీలో) ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి.

నెలకు బిల్లు ఎంత పెరుగుతుంది?

25 వాట్లు రోజంతా నడిస్తే రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. మీ స్లాబు ధరతో హెచ్చవేసుకోండి. పాత డెస్క్‌టాప్‌తో చేస్తే దీనికి రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోండి.

కేబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది. ప్రమాదమా?

మీ ప్లగ్గులో ఎర్తింగు లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఆ దారి లేకపోతే అది కేబినెట్ మీద నిలుస్తుంది. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మూడు పిన్నుల తీగను రెండు పిన్నుల ప్లగ్గుతో వాడకండి.

## కూర్చి నడిపించడం

ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి?

ట్రూనాస్ లేదా ఓపెన్‌మీడియావాల్ట్. రెండూ ఉచితం. తక్కువ బలమున్న యంత్రానికి ఓపెన్‌మీడియావాల్ట్ హాయి. నా ఓటు ట్రూనాస్‌కు, అందులోని జెడ్ఎఫ్ఎస్ కోసం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఈ ఫైల్ వ్యవస్థ రాసిన ప్రతి ముక్కకూ ఒక సరిచూపు అంకె దాచుకుంటుంది. ఏళ్ల తర్వాత ఫొటోలో ఒక ముక్క తనంతట తాను మారిపోతే, చదివేటప్పుడు అంకె కలవదు. అప్పుడు రెండో డిస్కులోని మంచి ముక్కతో దీన్ని సరిచేస్తుంది. నెలకోసారి మొత్తం చదివి సరిచూసే పనిని తప్పక పెట్టుకోండి. 8 జీబీ రామ్ చాలు, 16 ఉంటే సుఖం.

కొత్త డిస్కు రాగానే ఫైళ్లు ఎక్కించేయొచ్చా?

మూడు రోజులు ఆగండి. ముందు డిస్కు సొంత దీర్ఘ పరీక్ష నడపండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. తర్వాత ‘బ్యాడ్‌బ్లాక్స్’ అనే ప్రోగ్రాంతో డిస్కంతా రాసి చదివించండి, రెండు మూడు రోజులు పడుతుంది. ఇది డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తుంది కాబట్టి ఖాళీ డిస్కు మీదే చేయాలి. కొరియర్‌లో దెబ్బ తిన్నది ఇక్కడే బయటపడుతుంది. వాపసు గడువు లోపే తెలుస్తుంది, అదే మేలు.

రెండు డిస్కుల్లో ఒకే కాపీ ఉంటుంది కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు?

మీరు పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. పిడుగు పడినా, దొంగ ఎత్తుకెళ్లినా రెండూ కలిసే పోతాయి. అద్దం కాపీ కాపాడేది ఒక డిస్కు చెడినప్పుడు మాత్రమే. పొరపాట్లకు ప్రతి గంట స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే నకలు) పెట్టండి, పిడుగుకూ దొంగకూ ఇంటి బయట ఇంకో కాపీ ఉండాలి.

తెలుగులో పేరు పెట్టిన కొన్ని ఫైళ్లు సర్వర్‌లోకి కాపీ కావడం లేదు. విండోస్‌లో బాగానే ఉన్నాయి. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు నాకు చాలా రోజులు దొరకలేదు. ఫైలు పేరుకు విండోస్ 255 అక్షర సంకేతాలు ఇస్తుంది. సర్వర్ నడిచే లైనక్స్ 255 బైట్లు ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు, అంటే పన్నెండు బైట్లు. కాబట్టి తెలుగు పేరు 85 సంకేతాలకే నిండిపోతుంది. పెళ్లి వీడియోకు వధూవరుల పేర్లు, ఊరు, కల్యాణ మండపం, ముహూర్తం అన్నీ రాసిన ఫైళ్లు ఇక్కడే ఆగిపోతాయి. తెలుగులో పేరు పెట్టడం మానకండి. వివరాలను ఫోల్డర్ల పేర్లలోకి పంచండి, ఎందుకంటే ప్రతి ఫోల్డరుకూ విడిగా 255 బైట్లు ఉంటాయి.

కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. డిస్కు లోపమా?

కాదు, నెట్‌వర్క్ దారిలోని లోపం. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ మాత్రమే) పడిపోయింది. పాత రౌటర్ పోర్టు కావచ్చు, ఎనిమిది సన్న తీగల్లో ఒకటి తెగి ఉండవచ్చు. గిగాబిట్ సరిగ్గా కలిస్తే 110 వరకు రావాలి.

## రోజువారీ వాడకం

అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడి నుంచి ఫొటోలు చూడాలి, పంపాలి. ఎలా?

బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ ప్రోగ్రాం పెట్టండి. రౌటర్‌లో పోర్టు తెరిచి సర్వర్‌ను ఇంటర్నెట్‌కు చూపించవద్దు. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే దాడుల్లో అలా బయటికి కనిపించిన ఇంటి నాస్‌లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగారు. అదీ కాక మన బ్రాడ్‌బ్యాండ్ సంస్థల్లో చాలావరకు ఒకే ఇంటర్నెట్ చిరునామాను ఎందరికో పంచుతాయి కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్‌కు ఈ అడ్డంకి లేదు.

ఇంటి బయట కాపీ ఎక్కడ పెట్టాలి?

నాది వేరే ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉంది, వాడిది మా ఇంట్లో. రెండూ సంకేతభాషలోకి మార్చి దాచినవే కాబట్టి ఒకరివి ఒకరికి కనిపించవు. మొదటి కాపీని ఇంటర్నెట్ మీద పంపకండి. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఒక్క టీబీకే 55 గంటలు పడుతుంది. ఇంట్లోనే నింపి, పండగకు వెళ్లేటప్పుడు డిస్కును చేతిసంచిలో తీసుకెళ్లండి. ఆ తర్వాత మార్పులు మాత్రమే వెళతాయి. మూడు నెలలకోసారి అక్కడి నుంచి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తెప్పించి తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని నేను కాపీగా లెక్కపెట్టను.

## చెడిపోయినప్పుడు

డిస్కు ఆరోగ్య పట్టికలో బోలెడు అంకెలున్నాయి. ఏవి చూడాలి?

మూడు చూడండి. 5వ వరుస పాడైన భాగాలకు బదులు పెట్టిన వాటి లెక్క. 197వ వరుస చదవలేక ఆగిన భాగాల లెక్క. ఈ రెండూ సున్నా ఉండాలి, వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్కు తెప్పించండి. 199వ వరుస పెరిగితే డిస్కును నిందించకండి. అది సాధారణంగా సాటా తీగ లోపం. మా సర్వర్‌లో ఈ అంకె నెలలో ముప్పై దాకా వెళ్లింది. డిస్కు మార్చబోయి, చివరి నిమిషంలో తీగ మార్చాను. ఆ అంకె తిరిగి సున్నాకు రాదు, కానీ ఆ రోజు నుంచి ఒక్కటి కూడా పెరగలేదు.

డిస్కు టక్, టక్, టక్ అంటోంది. మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయనా?

వద్దు. ఆపేసి అలాగే ఉంచండి. లోపల సమాచారం చదివే తల తన చోటు వెతుక్కోలేకపోతోంది. ప్రతిసారి ఆన్ చేయడం వల్ల ఇంకొంత గీసుకుపోవచ్చు. ఇంట్లో మూత విప్పకండి. కాపీ ఇంకోచోట ఉంటే డిస్కు పారేయండి, లేకపోతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి నేరుగా తీసుకెళ్లండి.

చెడిపోయిన డిస్కు ఏదో పెట్టె తెరిస్తే తెలియడం లేదు. రెండూ ఒకేలా ఉన్నాయి.

కంగారులో బాగున్న డిస్కు పీకేసిన వాళ్లున్నారు. బిగించే రోజునే సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు కాగితం మీద రాసి డిస్కు అంచుకు అంటించండి. పట్టికలో సీరియల్ కనిపిస్తుంది, సరిపోల్చుకుని తీయండి.

నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లు ఈ ఫైళ్లు ఎలా తెరుస్తారు?

రెండు పనులు చేయండి. మొదటిది, ఏ విండోస్ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకునే మామూలు పోర్టబుల్ డిస్కులో ఫొటోలు, దస్తావేజులు ఆరు నెలలకోసారి పెట్టండి. దానికి తాళం, సంకేతభాష ఏమీ వద్దు, బీరువా తాళం చాలు. రెండోది, ఒక కాగితం మీద చేత్తో రాయండి: సర్వర్ ఎక్కడుంది, ఎలా ఆపాలి, సంకేతపదాలు ఏమిటి, ఇంకో కాపీ ఎవరి ఇంట్లో ఉంది, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి. మా ఇంట్లో ఆ కాగితం ఇంటి దస్తావేజుల ఫైలులో మొదటి పేజీగా ఉంటుంది. ఈ సంక్రాంతికి మా ఆవిడ చేతికి దాన్నిచ్చి, నేను పక్క గదిలో కూర్చున్నాను. తను నలభై నిమిషాల్లో మా పెళ్లి ఫొటోలు తెరిచింది. ‘నీలం తీగ’ అని రాసింది అర్థం కాలేదని చెప్పింది, నీలం తీగలు రెండున్నాయి. ఒకదానికి ఎర్ర టేపు చుట్టి, కాగితంలో ఆ మాట మార్చాను.